లేవని గాలిసంచి

బల్లకు ఒక కాలు పొట్టి. ఆ కొసన కూర్చున్న భార్య కాస్త కదిలితే ఈ కొసన అతను అంగుళం లేస్తాడు, ఆమె కుదురుకుంటే టక్కుమని కిందికి దిగుతాడు, ఇద్దరూ మాట్లాడుకోకపోయినా బల్ల మాత్రం వాళ్ళ మధ్య ఏదో ఒకటి అంటూనే ఉంది. విమాన ప్రమాదం మీద విచారణకు పదకొండింటికి పిలుస్తామని కాగితంలో రాశారు. అతను పదింటికే వచ్చి కూర్చున్నాడు, ముందే వస్తే భయం ముందే అయిపోతుందని. అదేం అవలేదు, పైగా గంటసేపు భయపడే తీరిక దొరికింది. ఎదురుగా గదికి సగం తలుపు, నడుము ఎత్తున రెండు చెక్క రెక్కలు. పైనుంచి చూస్తే విచారణాధికారిణి తల, పక్కన గుమస్తా బట్టతల, వాళ్ళ మీద తిరిగే ఫ్యాను. ఆ ఫ్యాను గాలికి గోడమీది క్యాలెండరు అడుగు పేజీ లేచి పడుతోంది. గంటకు ఆరు మైళ్ళ గాలి, అనుకున్నాడు, అనుకుని తనమీద తనకే ఒళ్ళు మండింది. పందొమ్మిదేళ్ళ రన్‌వే కాపలా అలవాటు మరి. ఆరేసిన తువ్వాలు చూసినా, చుట్ట పొగ చూసినా, ఆడపిల్ల జడలో రిబ్బను చూసినా గాలి ఎటునుంచి ఎంత వీస్తోందో లెక్క కట్టేస్తాడు. కళ్ళు మూసుకున్నా మెడ వెనక చర్మం చెప్పేస్తుంది. ఆ రోజు కూడా చెప్పింది.

చెప్పాలి, అంతే. ఇంటి దగ్గర ఒక వాక్యం తయారుచేసుకున్నాడు, బస్సులో వస్తూ దాన్ని పదిసార్లు నమిలాడు. గాలిసంచి బరువెక్కువైందండీ, తేలిక గాలికి లేవదు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. మొదటి సగం నున్నగా వస్తుంది. అందులో తప్పు ఫ్యాక్టరీ మేనేజరుకు కొంత, గుడ్డకు కొంత, గాలికి కొంత పంచొచ్చు. రెండో సగం దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. నాకు ముందే తెలుసు. మూడు మాటలు, పసివాడు కూడా అనగలడు. భార్య ఒళ్ళో గోనెసంచి ఉంది, దాని మూతి దగ్గర నారింజరంగు గుడ్డ కొస బయటికి తొంగిచూస్తోంది. అదే ఆ గాలిసంచి, గాలి ఎటునుంచో విమానాలకు చూపడానికి రన్‌వే పక్క స్తంభానికి కట్టేది. దాన్ని కాల్చెయ్యమన్నాడు మేనేజరు, ప్రమాదం జరిగిన సాయంత్రమే, పైలట్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన బండి చప్పుడు ఇంకా దూరమవకముందే. నాలుగేళ్ళుగా నాలుగు ఉత్తరాలు రాసినా రాని కొత్త గాలిసంచి ఆ సాయంత్రం మూడు గంటల్లో ఎక్కడినుంచి ఊడిపడిందో, మడతల గీతలు కూడా పోకముందే స్తంభానికి ఎక్కించేశారు. కాల్చమని అతను ఈ నారింజదాన్ని భార్య చేతికిచ్చాడు. ఆమె కాల్చలేదు. ఈ పొద్దున తలుపు తాళం వేస్తుంటే సంచితో సహా వచ్చి పక్కన నిలబడింది.

“ఎందుకది?” అన్నాడు.

“అడిగితే చూపించొద్దూ,” అంది ఆమె.

పందొమ్మిదేళ్ళలో ఎన్ని విమానాలు పల్టీలు కొట్టలేదు ఆ గడ్డి రన్‌వే మీద. ఫ్యాక్టరీ యజమానిది ఒక విమానం, ఆయన స్నేహితులవి మరో నాలుగైదు, నలుగురు పట్టేవి, ఆరుగురు పట్టేవి, అన్నీ తూనీగల్లాంటివే, ఆకాశంలో ఉన్నంతసేపు ముద్దొస్తాయి, నేలను తాకేటప్పుడే వాటి బుద్ధి బయటపడుతుంది. ఒక పెద్ద డాక్టరుగారు చక్రాలు దించడం మర్చిపోయి పొట్టమీదే దిగి, గడ్డిలో నూరు గజాలు జారుకుంటూ వెళ్ళి ఆగి, తలుపు తీసి మొట్టమొదట అడిగింది, దువ్వెన ఉందా అని. ఇంకొకాయన దిగుతూ ఉంటే ఒక చక్రం ఊడి విమానం కంటే ముందు పరిగెత్తింది, అది చూసి ఆయన, ఆ చక్రం ఎవరిదయ్యా అని తర్వాత అందరినీ అడిగాడు. మరొకడు రన్‌వే వదిలేసి పక్క చేలో దిగి, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, ఇక్కడే దిగాలనుకున్నా అన్నాడు, ముఖంలో చిన్న మార్పు కూడా లేకుండా. అన్నిటికీ అతనే పరిగెత్తాడు, బకెట్లో నీళ్ళు, ఒక నిచ్చెన, ఒక తువ్వాలు పట్టుకుని. అప్పుడంతా నవ్వొచ్చేది. ఇంటికి వచ్చి భార్యకు అభినయించి చూపేవాడు, ఆమె కుట్టుమిషను ఆపి కళ్ళు తుడుచుకునేంత నవ్వేది. ఒక్క ప్రాణం పోలేదు, ఒక్క ఎముక విరగలేదు. నీ చెయ్యి మంచిదయ్యా అనేవాళ్ళు విమానాలవాళ్ళు. నిజంగానే మంచిదనుకున్నాడు, ఎవరైనా అలా పదిసార్లు అంటే నమ్మకుండా ఎలా ఉంటారు.

పని కూడా మరీ బ్రహ్మవిద్య కాదు. విమానం వస్తుందని కబురు రాగానే మోపెడ్ మీద రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసదాకా వెళ్ళాలి, రాళ్ళు ఏరాలి, పశువులుంటే తోలాలి. స్తంభం మీద గాలిసంచి తాళ్ళు చూడాలి. రేడియో ఒకప్పుడు ఉండేది, అది మూగబోయి ఆరేళ్ళు, బాగుచేయిస్తామన్న మాట మాత్రం ఇంకా బతికే ఉంది. అందుకని పైలట్ ఒకసారి పైన చుట్టు తిరిగి సంచి ఎటు ఊగుతోందో చూసుకుంటాడు, గాలికి ఎదురుగా దిగుతాడు. వెనకనుంచి గాలి తోస్తే విమానం ఆగదు, రన్‌వే చాలదు. సంచి వేలాడుతుంటే గాలి లేదని లెక్క, అలాంటప్పుడు అందరూ షెడ్డు వైపు నుంచే దిగుతారు, దగ్గర కాబట్టి. కింద ఏదైనా తేడా కనిపిస్తే అతను ఎర్రగుడ్డ తీసుకుని రెండు చేతులతో తలమీదుగా ఊపాలి, దిగొద్దని. ఆ ఎర్రగుడ్డకు షెడ్డులో ఒక మేకు ఉంది. అంతా బాగుంటే బొటనవేలు ఎత్తి చూపిస్తాడు, ఇది రూల్లో లేదు, అతను పెట్టుకున్నది. అంత ఎత్తునుంచి బొటనవేలు ఎవరికి కనిపిస్తుంది అని నవ్వేవాళ్ళు. యజమాని విమానం నడిపే పైలట్ ఒక్కడే, కనిపిస్తుంది బావా, ఒట్టు, నీ వేలు చూస్తేనే నాకు చక్రాలు దిగుతాయి అనేవాడు. బావ అంటే బంధుత్వమేం లేదు. యజమాని మీటింగుల్లో ఉన్నంతసేపూ ఎదురుచూస్తూ వీళ్ళింట్లో కూర్చునేవాడు, భార్యను అక్కా అన్నాడు, అక్క మొగుడు బావే అవుతాడు కదా. పెళ్ళి చేసుకోలేదు, ఎవరూ లేరు, నలభై ఏళ్ళు వచ్చినా ఇంట్లో అడుగుపెట్టగానే ఆకలేస్తోందక్కా అని కేకేసేవాడు. అక్కకు సొంత తమ్ముడు ఉంటే ఇంత చేసేది కాదేమో. అతను మాత్రం పైలట్‌ను చివరిదాకా సారూ అన్నాడు, మీరూ అన్నాడు, బామ్మర్దీ అనడానికి నోరు రాలేదు.

పాత సంచి ఎండకు తెల్లబడి, పేలికలై, చివరికి స్తంభానికి నాలుగు రిబ్బన్లు మిగిలాయి. నాలుగో ఉత్తరానికి మేనేజరు జవాబు రాయలేదు, ఫోన్లో అన్నాడు, మీ ఆవిడ కుడుతుందిగా, ఏదో ఒకటి కానివ్వండి. ఏదో ఒకటి. ఆ మాట అన్నవాడు ఈ రోజు ఈ బల్లమీద లేడు, వాడికి ఏ కాగితమూ రాలేదు. సరే అని భార్య ముందు పాత పేలికలు పడేశాడు. ఆమె వాటిని వేళ్ళమధ్య నలిపి చూసింది, ఊపిరి వదిలి చూసింది, అవి లేచాయి. “ఇది బాగా పల్చటి గుడ్డండీ, ఇలాంటిదే దొరుకుతుందేమో చూస్తాను,” అంది. “పల్చగా ఉండబట్టే చిరిగింది,” అన్నాడు అతను, “జన్మలో చిరగనిది కుట్టు.” అన్నాడు. ఆమె కాదు, అతనే అన్నాడు. డేరాలకు వాడే మందపాటి గుడ్డ కూడా తనే తెచ్చిపడేశాడు, నారింజరంగు తనే ఎంచాడు. ఆమె రెండు వరసల కుట్టు వేసింది, మూతి దగ్గర మూడు వరసలు, సూదులు రెండు విరిగాయి. నాలుగు రోజులు మిషను మీద వంగి వంగి మెడ పట్టేసింది.

ఎక్కించిన రోజు పెద్ద గాలి. సంచి నిండుగా పొంగి స్తంభానికి అడ్డంగా నిలబడింది, చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. పైలట్ దాని కింద నిలబడి ఫోటో తీయించుకున్నాడు, అక్క కుట్టు ముందు గాలి కూడా క్రమశిక్షణగా నిలబడింది చూడు బావా అన్నాడు. ఆ ఫోటో మిషను పైన గోడకు అంటించుకుంది ఆమె. ఊళ్ళో ఎంతమందికి రవికెలు కుట్టలేదు, స్కూలు బట్టలు కుట్టలేదు, ఎవరూ కుట్టు కింద నిలబడి ఫోటో దిగలేదు. పది రోజుల తర్వాత ఒక పొద్దున గడ్డి అంతా ఒకవైపు వాలి ఉంది, అతని చొక్కా వీపుకు అంటుకుని ఉంది, తలెత్తి చూస్తే సంచి ఉరేసుకున్నట్టు వేలాడుతోంది. వేలు తడిచేసి ఎత్తి పట్టుకున్నాడు. పన్నెండు మైళ్ళు, తక్కువ కాదు. ఆ వేలు అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అప్పుడే తెలిసిపోయింది, మొత్తం తెలిసిపోయింది. దించెయ్యాలి, పైలట్‌కు చెప్పాలి, ఆమెకు చెప్పాలి. ఆమెకు ఏమని చెప్పాలి, మెడ పట్టేసినా కుట్టావే, అది గాలికి లేవడం లేదు అనా. వచ్చేవారం చెబుదామనుకున్నాడు. వచ్చేవారం గాలి బాగా వీచింది, సంచి లేచింది, నేనే పొరబడ్డానేమో అనుకున్నాడు. ఆ పైవారం మళ్ళీ వేలాడింది, అతను అటు చూడటం మానేశాడు. మూడు నెలలు. ఆ మూడు నెలల్లో పైలట్ ఇంటికి ఆరుసార్లు వచ్చాడు, ఆరుసార్లూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, మాట నాలుక చివరిదాకా వచ్చి ముద్దతోపాటు కిందికి పోయింది.

బల్ల కదిలింది, అంగుళం లేచాడు. భార్య సంచిని ఈ మోకాలి మీదనుంచి ఆ మోకాలి మీదికి మార్చుకుంది. గడియారంలో పావుతక్కువ పదకొండు. ఎర్రగుడ్డ, ఎర్రగుడ్డ సంగతి ఒక్కటి తలచుకోకూడదనుకుంటాడు, తలుపు వేసిన కొద్దీ కిటికీలోంచి వస్తుంది. మోపెడ్ సీటు ఎండకు కాలి చిరిగితే, మేకుకు ఊరికే వేలాడుతోంది కదా అని దాన్ని తీసుకొచ్చి సీటుకు చుట్టాడు. నాలుగైదు నెలలుగా దానిమీదే కూర్చుని తిరుగుతున్నాడు, ప్రమాద హెచ్చరిక మీద. ఆ రోజు కూడా దానిమీదే కూర్చుని రన్‌వే చివరిదాకా వెళ్ళొచ్చాడు. పొద్దున జల్లు పడి గడ్డి తడిగా ఉంది. భార్య క్యారియరు తెచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. విమానం వచ్చింది, పైన ఒక చుట్టు తిరిగింది, సంచి వేలాడుతోంది. అతను రన్‌వే అవతలి కొసనున్న కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు, అటునుంచి వస్తాడని, రావాలని, ఎందుకంటే గాలి షెడ్డు వెనకనుంచి వచ్చి అతని మెడను తాకుతోంది, చల్లగా, తీరిగ్గా, పన్నెండు మైళ్ళు, పద్నాలుగేమో కూడా. విమానం కాలువ వైపు వెళ్ళలేదు. షెడ్డు వైపు తిరిగింది. అప్పుడు మోపెడ్ ఎంత దూరంలో ఉంది, నాలుగు అడుగులు. గుడ్డ ముడి ఒక్క లాగుకు వచ్చేస్తుంది. లాగాలి అనుకున్నాడు, లాగితే ఎందుకు లాగావని అడుగుతారు అనుకున్నాడు, సంచి లేవడం లేదని నీకెలా తెలుసు, ఎప్పటినుంచి తెలుసు అంటారు అనుకున్నాడు, ఆయన పెద్ద పైలట్ ఆయనకు తెలీదా అనుకున్నాడు. ఇదంతా అనుకోవడానికి సమయం ఉంది, నాలుగు అడుగులు వెయ్యడానికి లేదు. విమానం షెడ్డు రేకుల మీదుగా వస్తుంటే చెయ్యి దానంతట అదే లేచింది. బొటనవేలు.

సగం రన్‌వే దాటాక గానీ చక్రాలు నేల తాకలేదు. తడి గడ్డి మీద బ్రేకులు పట్టలేదు, విమానం ఊగుతూ ఊగుతూ అతని కళ్ళముందే కాలువలోకి ముక్కు పెట్టింది, తోక పైకి లేచింది. వెనక సీట్లో యజమాని నుదుటిమీద చిన్న గీతతో బయటికి వచ్చి, నా బ్యాగు లోపల ఉంది, ఎవడైనా బ్యాగు తియ్యండయ్యా అని అరిచాడు. పైలట్ అరవలేదు. కుడికాలు ఎక్కడ ఇరుక్కుందో అక్కడే నలిగిపోయింది, ఆసుపత్రిలో మోకాలి కిందినుంచి తీసేశారు. అతను బకెట్టూ నిచ్చెనా పట్టుకుని పరిగెత్తాడు, అన్నిసార్లలాగే, ఈసారి ఎవరూ దువ్వెన అడగలేదు.

ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి పైలట్ మత్తులో ఉన్నాడు. రెండోసారి మెలకువగా ఉన్నాడు, నవ్వాడు కూడా. “సంచి లేవదని నీకు తెలీదుగా బావా?” అన్నాడు, అడిగినట్టు కాదు, తనే చెప్పినట్టు. అప్పుడైనా, ఆ మంచం పక్కన, చదునుగా పడుకున్న దుప్పటి కింద ఒకవైపు లేని ఎత్తు చూస్తూ కూడా, అతని నోరు అన్నది ఒకటే. “తెలీదు సారూ.” పైలట్ తలూపాడు. “నాకు తెలుసులే. అందుకే రాసిచ్చేశాను. అక్క కుట్టు మాట ఎక్కడా రాకూడదు. వాళ్ళు నిన్ను ఏది అడిగితే దానికి ఔననే అను. కాదన్నావంటే నేను అబద్ధాలకోరునవుతాను. కాలెలాగూ పోయింది, మాటైనా మిగలనియ్. నేనెలాగూ ఇంక ఎగిరేది లేదు, అక్క మిషనైనా తిరగాలిగా.” ఏం రాసిచ్చారని అడగలేదు అతను, తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చేశాడు. అక్క మిషను తిరగడం లేదని కూడా చెప్పలేదు. ప్రమాదం రోజునే ఆమె దానికి గుడ్డ కప్పింది, నలభై రోజులైంది. గోడమీద ఫోటో తీసేసింది, అది అంటించిన చోట నాలుగు బంక మచ్చలు మిగిలాయి. పల్చటి గుడ్డ అన్నాను కదా అని ఆమె ఒక్కమాట అంటే బాగుండును. అనదు. షెడ్డు గుమ్మంలోంచి ఏం చూసిందో కూడా అనదు. పళ్ళెం ముందు పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, అతను తినేదాకా కూర్చుంటుంది. ఈ రోజు చెప్పేస్తే తేలికవుతుంది. ఉద్యోగం పోతే పోతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు, అంటే అననీ. పైలట్ పేరు మీద మచ్చ పోతుంది, కాలు పోయినా పేరు ఉంటుంది. సంచి బరువెక్కువైందండీ, తేలిక గాలికి లేవదు, ఆ సంగతి నాకు.

“రన్‌వే వాచ్‌మన్ ఎవరండీ?” గుమస్తా సగం తలుపు మీదుగా తల పెట్టాడు.

లేచాడు. అతను లేవగానే బల్ల ఆమె వైపు వాలింది. “ఉన్నదున్నట్టు చెప్పండి,” అంది భార్య, నలభై రోజుల్లో అదే పెద్ద మాట, “నా కుట్టు సంగతి కూడా.” తలూపి లోపలికి వెళ్ళాడు.

అధికారిణి చిన్నమనిషి, కూర్చోండి అంది, మంచినీళ్ళు తాగుతారా అంది. తిట్టే మనిషైతే బాగుండేది. పైలట్‌గారి వాంగ్మూలం చదువుతాను వినండి అని చదివింది, మెల్లగా, అక్షరం అక్షరం. గాలిసంచి సరిగానే ఉంది. వేలాడుతోందని నేనే తప్పుగా చూశాను. కింద వాచ్‌మన్ ఎర్రగుడ్డ ఊపి దిగొద్దని హెచ్చరించాడు, అది స్పష్టంగా కనిపించింది, తొందరలో నేను లెక్కచెయ్యలేదు. అతని తప్పు ఏమీ లేదు. కాగితం కింద పెట్టి అతన్ని చూసింది. “ఇందులో ఉన్నది నిజమేనా?”

ఫ్యాను గాలి మెడ మీద పడుతోంది. ఔననే అను అన్నాడు కదా, సారే అన్నాడు కదా, కాదంటే ఆయనే అబద్ధాలకోరు అవుతాడు కదా, కాలు పోయినవాడి మాట కూడా పొమ్మంటావా. ఎంత చక్కగా అమరింది. సిగ్గు రావాల్సిన చోట ముందుగా వచ్చింది హాయి, ఒళ్ళంతా హాయి, అది తనకు తెలుస్తూనే ఉంది.

“నిజమేనండీ.”

“ఎర్రగుడ్డ ఊపారు?”

“ఊపానండీ.”

“ఒక చేత్తోనా, రెండు చేతులతోనా?”

“రెండు చేతులతోనండీ.”

“మీ పని మీరు చేశారు, బాగా చేశారు,” అంది ఆమె, ఆ మాట కూడా నిజంగానే అంది. “ఎలా ఊపారో ఒకసారి లేచి చూపించండి, ఆయన రాసుకుంటారు.”

లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ తలమీదికి ఎత్తాడు. ఎంత తేలిగ్గా లేచాయో, నాలుగు అడుగుల దూరం ఇప్పుడు ఎక్కడికి పోయిందో. అటూ ఇటూ ఊపాడు, లేని గుడ్డను లేని విమానానికి, ఇలాగండీ, ఇలాగ. అప్పుడు చూశాడు సగం తలుపు పైనుంచి. భార్య బల్ల దగ్గర లేచి నిలబడి ఉంది, గోనెసంచి రెండు చేతులతో పొట్టకు అదుముకుని, అతని చేతుల వైపే చూస్తోంది. ఆ రోజు షెడ్డు గుమ్మంలోంచి చూసిన కళ్ళే.

“అలాగే ఉంచండి కాస్త,” అన్నాడు గుమస్తా. నింపాదిగా రాస్తున్నాడు, ఒక మాట కొట్టేసి మళ్ళీ రాస్తున్నాడు. చేతులు దించమని ఎవరూ అనలేదు.